కొత్త అవయవాలను పెంచగలమా?

“మాస్టారూ! బల్లికి తోక మళ్ళీ మొలుస్తుంది గదా, మా నాన్నకు కిడ్నీ మొలవదా?” అని తొమ్మిదవ తరగతి కుర్రవాడొకడు నన్ను అడిగాడు. వాళ్ళ నాన్న వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళి, యంత్రం ద్వారా రక్తం శుద్ధి చేయించుకుంటున్నాడు.

మూత్రపిండం తిరిగి మొలవదు. మరొకరిది అమర్చవచ్చు. 1954లో అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ జోసఫ్ మర్రే ఒక వ్యక్తి మూత్రపిండాన్ని అతని కవల సోదరునికి విజయవంతంగా అమర్చాడు. ఇద్దరూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలు గనుక శరీరం దానిని పరాయిదని తిరస్కరించలేదు. అందరికీ అలాంటి కవలలుండరు గదా! ఇతరుల అవయవం నిలవాలంటే ఏళ్ళ తరబడి మందులు వాడాలి. పైగా దాతలు తక్కువ.

అందుకే రోగి సొంత కణాలతోనే అవయవాన్ని తయారుచేయాలని శాస్త్రజ్ఞుల ప్రయత్నం. 2007లో జపాన్ శాస్త్రజ్ఞుడు షిన్యా యమనక బృందం మనిషి చర్మకణాలను, ఏ రకం కణాలుగానైనా మారగల తొలిదశకు మళ్ళించింది. కణాలు సరే, అవి కాపురముండే ఇల్లేది?

2008లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డోరిస్ టేలర్ బృందం, చనిపోయిన ఎలుక గుండెలోని రక్తనాళాల గుండా డిటర్జెంటు ద్రావణం పంపింది. బట్టల జిడ్డు వదిలినట్టు కణాలన్నీ కొట్టుకుపోయాయి. గుండె ఆకారంలో పాలిపోయిన మాంసకృత్తుల చట్రం మిగిలింది. అందులో ఎలుకపిల్లల గుండెకణాలు నింపారు. ఎనిమిదవ రోజుకు అది ద్రవాన్ని తోడసాగింది! కాని పెద్ద ఎలుక గుండె బలంలో దాని బలం సుమారు 2 శాతమే.

పెద్ద అవయవం కట్టడంలో అసలు చిక్కేమిటి? మీ స్కేలుపై ఒక మిల్లీమీటరు చూడండి. అందులో దాదాపు అయిదవ వంతు దూరంలోనే రక్తకేశనాళిక లేకపోతే, కణానికి చాలినంత ఆక్సిజన్ అందదు. మూత్రాశయం గోడ పలుచన. అందుకే ఏడుగురు రోగుల మూత్రాశయాలను వారి కణాలతోనే పెంచిన కణజాలంతో బాగుచేయగలిగామని 2006లో ఆంథొనీ అటాలా బృందం ప్రకటించింది. మూత్రపిండం దళసరి, ఒక్కొక్క దానిలో సుమారు పదిలక్షల నెఫ్రాన్లు, వాటి చుట్టూ సన్నని నాళాల అల్లిక.

ఆ అల్లిక కోసం వెతుకుతూ 2017లో అమెరికాలో కొందరు పాలకూర ఆకును పట్టుకున్నారు! దానినీ అలాగే కడిగితే ఈనెలు మాత్రం మిగిలాయి. వాటి గుండా ద్రవం పారింది. ఆకుపై ఉంచిన మనిషి గుండెకణాలు కొట్టుకున్నాయి.

“మీ నాన్నకు ఇవాళ కావలసింది దాతే. కాని నీ ప్రశ్న మంచిది, దానిమీద పని సాగుతోంది,” అన్నాను ఆ కుర్రవాడితో.

ఈసారి ఇంట్లో పాలకూర తరిగేటప్పుడు ఒక ఆకును వెలుతురుకెత్తి చూడండి.