ఏడు పేరుల నది

ఐరోపా ఖండమునందు ఆల్ప్సు పర్వతములకును ఆడ్రియాటిక్ సముద్రమునకును నడుమ స్లొవేనియా యను చిన్న దేశము కలదు. దాని వైశాల్యము సుమారు 20,270 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య దాదాపు 21 లక్షలు. యుగోస్లావియాలో భాగముగా నుండిన యీ దేశము 1991వ సంవత్సరమున స్వతంత్రమయ్యెను. ఇచ్చటి మంచుకొండలను, బ్లెడ్ సరస్సును, ఆ సరస్సు నడిమి దీవిపైనున్న చర్చిని చూచుటకై యాత్రికులు వేలకొలదిగా వచ్చుచుందురు. అవి కన్నులకు విందే. కాని యీ దేశపు అసలు వింతలను చూడగోరువారు ఒక నది వెంట నడువవలెను. ఆ నది పలుమారులు భూమిలో దూరి, మరల వెలికి వచ్చుచుండును. వచ్చినప్పుడెల్ల ప్రజలు దానికి క్రొత్త పేరు పెట్టిరి. అందుచే దానికి ఏడు పేరులు కలిగినవి.

నది యిట్లు దాగుటకు కారణ మచ్చటి సున్నపురాయి. వాననీరు గాలినుండియు మట్టినుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము పులుపెక్కును. ఆ నీటికి సున్నపురాయి మెల్లమెల్లగా కరగును. వేలయేండ్లు గడచునప్పటికి వెంట్రుకవంటి పగుళ్లు సొరంగములగును, సొరంగములు గుహలగును. ఆంధ్రదేశమందలి బొఱ్ఱా, బేలం గుహలును సున్నపురాతిలో నీరు తొలిచినవే. స్లొవేనియాకును ఇటలీకిని సరిహద్దుననున్న క్రాస్ పీఠభూమి పేరునుబట్టియే ఇట్టి నేలలకు ప్రపంచమంతటను ‘కార్స్ట్’ అను పేరు వచ్చినది.

నది మార్గమున మొదట చూడదగినది త్సెర్క్నిత్సా సరస్సు. వానలు మెండైనప్పుడు నేలలోని బిలములనుండి నీరుబికి లోయ నిండును. అప్పుడది దేశములోనెల్ల పెద్ద సరస్సు. వేసవి ముదిరిన పిదప ఆ బిలములే నీటిని మ్రింగివేయును. పడవలు తిరిగిన చోటనే రైతులు గడ్డి కోసికొందురు! ఈ వింతను పరిశోధించినవాడు యానెజ్ వల్వజోర్. ఆయన 1641లో లుబ్లియానా నగరమున జన్మించెను. భూగర్భమందు నీటి మార్గములు కలవనియు, వానివలననే సరస్సు నిండి యింకుననియు ఆయన వివరించెను. ఆ వివరములన్నియు నేటి శాస్త్రమునకు నిలువకున్నను, ఆ కాలమున అది గొప్ప ప్రయత్నమే. 1687లో లండనులోని రాయల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగా నెన్నుకొనిరి. రెండేండ్లకు తన నాటిని గూర్చి వందలకొలది చిత్రములతో నాలుగు సంపుటముల గ్రంథమును ముద్రింపించెను. ఆ వ్యయమునకు ఆయన యాస్తి చాలలేదు. కోట అమ్ముకొనెను, ప్రాణప్రదమైన పుస్తకములను సైతము అమ్ముకొనెను. 1693లో బీదవాడుగనే కన్నుమూసెను. నేడు ఆ దేశపు పూర్వచరిత్ర వ్రాయువారిలో ఆ గ్రంథమును తెరువనివారు లేరు.

సరస్సును విడిచిన నీరు భూమిలో దూరి, ‘రాక్’ అను పేరుతో ఒక లోయలో వెలువడును. ఆ లోయ పూర్వమొక గుహ. పైకప్పు కూలిపోగా మిగిలిన రెండు తునకలు సహజమైన వంతెనలై నిలిచియున్నవి. రాక్ నది మరల ప్లానినా గుహలో ప్రవేశించి, ఆ చీకటిలోనే పివ్కా నదితో కలియును.

ఆ పివ్కా వచ్చుచున్నది సుప్రసిద్ధమైన పోస్తోయ్నా గుహనుండి. ఈ గుహ పొడవు 24 కిలోమీటర్లు. 1818లో చక్రవర్తి రాక సందర్భమున దీపములు సిద్ధముచేయుచున్న లూకా చెచ్ అను స్థానికుడు దాని లోపలి భాగమును కనుగొనెను. 1872లోనే లోపల పట్టాలు వేసి, మనుష్యులు త్రోయు బండ్లపై యాత్రికులను కొనిపోవుచుండిరి. నేడు విద్యుత్తు బండ్లు నడుచుచున్నవి. బయట ఎండయైనను మంచైనను లోపల సుమారు పది డిగ్రీల చలియే.

ఈ చీకటినీళ్లలో ‘ప్రోటియస్’ అను జంతువు నివసించును. జానెడు పొడవు, మనుష్యుని చర్మపు రంగు, చర్మము క్రింద మరుగుపడిన కన్నులు గలది. ఆహారము లేకయే యేండ్లతరబడి బ్రతుకగలదు. వరదలో కొట్టుకొని వచ్చిన దీనిని చూచి పల్లెవారు పూర్వము భూమిక్రింది మహాసర్పముయొక్క పిల్ల యనుకొనిరి. 2016లో పోస్తోయ్నా గుహలోని గాజుతొట్టెలో దీని గ్రుడ్లు పొదిగి ఇరువదికి పైగా పిల్లలు బ్రతికినవి. కాని తొట్టెలోని పిల్లలకున్న భద్రత నదిలోని వానికి లేదు. ఇసుకనేలలో నీరు వడకట్టబడినట్లు సున్నపురాతి సొరంగములలో వడకట్టబడదు. పైనున్న పొలమునందు చల్లిన మందులును, ఫ్యాక్టరీ విడిచిన మురికియు తిన్నగా గుహలోనికి దిగును. అంతటితో నాగదు, క్రిందనున్న ఊటలలో తేలును. ఆ నీటినే జనులు త్రాగవలసియుండును.

కలిసిన నదులు రెండును ‘ఊనిత్సా’ యై, ప్లానినా మైదానమున మెలికలు తిరిగి, తుదిసారి భూమిలో నింకును. వర్హ్నికా పట్టణమువద్ద వెలువడునప్పుడు దాని పేరు ‘లుబ్లియానిత్సా’. ఆ పేరుతోనే రాజధాని లుబ్లియానా నడుమ ప్రవహించును. 1895 నాటి భూకంపమున ఈ నగరము మిక్కిలి దెబ్బతినెను. పిదప యోజె ప్లెచ్నిక్ అను శిల్పి నదీతీరములను, వంతెనలను, అంగడివీధిని ఎంతో రుచిరముగా తీర్చిదిద్దెను. ఒకేచోట ప్రక్కప్రక్కన నిలిచిన మూడు వంతెనలు ఆయన కల్పనమే. ఆయన నిర్మాణములను 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చిరి. 1901లో కట్టిన మరియొక వంతెన మూలలయందు రెక్కలు గల మహాసర్పములు కూర్చుండి కావలి కాయుచున్నట్లుండును. అట్టి సర్పమే ఆ నగరపు చిహ్నము.

నగరము దాటిన కొలది దూరమునకే లుబ్లియానిత్సా సావా నదిలో చేరును. ఆ నీరు డాన్యూబు గుండా నల్లసముద్రమునకు పోవును.