మంచం మీద ముప్పై ఏడు చుక్కలు

చికున్‌గున్యా జ్వరం నాలుగు రోజుల్లో దిగిపోయింది. నొప్పులు మాత్రం ఇంట్లో చుట్టాల్లా తిష్ఠ వేశాయి. పొద్దున లేచేసరికి వేళ్లు కొయ్యబారిపోయేవి. టూత్‌పేస్టు మూత తిప్పాలంటే పళ్లతో పట్టుకోవాల్సి వచ్చేది. జడ అమ్మే వేసేది. "నెలలు పట్టొచ్చమ్మా, ఓపిక పట్టాలి" అన్నారు డాక్టరుగారు. ఓపిక పట్టడానికైనా చేతులు కావాలి కదా అనుకున్నాను.

చూడ్డానికి వచ్చిన వాళ్లలో ఒకరు ఖరీదైన డ్రాయింగ్ పుస్తకం, 24 రంగుల డబ్బా ఇచ్చి వెళ్లారు. ఆ పుస్తకం మొదటి పేజీని వారం రోజులు తెరవడం, మూయడం. అంత తెల్లదనం చూస్తే నీరసం వచ్చేది. ఏం గీయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ రంగు వేయాలి? ఇడ్లీయా ఉప్మానా అని అడిగితేనే కళ్లనీళ్లు తిరిగే రోజులవి.

అమ్మ ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టేసింది. పాత పరీక్షల అట్ట దులిపి, దానికి ఓ రూళ్ల కాగితం బిగించి, స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టింది. "7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు." మధ్య వరసలో ఏడు, పైకి ఆరు, ఐదు, నాలుగు, కిందికీ అంతే. మొత్తం 37. పెన్నుకి పాత చీరపీలిక చుట్టి, లావు చేసి నా చేతికిచ్చింది. "ఇక కలుపుకో" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ ముగ్గు పూర్తవడానికి మూడు రోజులు పట్టింది. గీతలు వానపాముల్లా ఉన్నాయి. అయినా తర్వాత ఎక్కడికి వెళ్లాలో ప్రతి చుక్క దగ్గరా పక్క చుక్కే చెప్పింది. నేను నిర్ణయించాల్సింది ఏమీ లేదు. జబ్బుమనిషికి తెల్లకాగితమిచ్చి 'నీ ఇష్టం, ఏదైనా గియ్యి' అనడం, చేంతాడు ఇవ్వకుండా నీళ్లు తోడమన్నట్టే. చుక్కలే ఆ చేంతాడు.

అమ్మకు తెలిసిన ఈ సంగతిని అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 2005లో పరీక్ష పెట్టి చూశారు. కర్రీ, కాసర్ అని వాళ్ల పేర్లు. 84 మంది కాలేజీ విద్యార్థులకు ముందు కాస్త ఆందోళన పుట్టించి, ఆ తర్వాత రంగులు చేతికిచ్చారు. కొందరికి గుండ్రటి మండలం బొమ్మ, కొందరికి మన గళ్ల లుంగీ లాంటి నమూనా, మిగతావాళ్లకు ఖాళీ కాగితం. మండలమైనా గళ్లయినా, గీతల మధ్య రంగు నింపినవాళ్లకు ఆందోళన బాగా తగ్గింది. ఖాళీ కాగితం వాళ్లకు అంతగా తగ్గలేదు. మండలంలో ఏదో మహత్తు ఉందనే వాళ్లు గళ్ల లుంగీ సంగతి గమనించాలి. పని చేసింది ఆకారం కాదు, దారి.

జెంటాంగిల్ పేరుతో ఇప్పుడు ప్రపంచమంతా నేర్పుతున్న నమూనాల చిత్రలేఖనం కూడా ఇలాంటిదే. అమెరికాలోని మసాచుసెట్స్‌లో మరియా థామస్ అనే అక్షర చిత్రకారిణి, ఒకప్పుడు సన్యాసిగా బతికిన రిక్ రాబర్ట్స్ కలిసి దీన్ని తయారుచేశారు. మూడున్నర అంగుళాల చదరపు కాగితం ముక్క. ముందుగా నాలుగు మూలలా నాలుగు చుక్కలు. వాటిని కలిపితే అంచు. లోపల పెన్సిలుతో వంకర దారం లాంటి గీత ఒకటి. ఆ దారం విడదీసిన గదుల్లో చిన్న చిన్న నమూనాలు, గీత తర్వాత గీత. రబ్బరు వాడకూడదు, తప్పిన గీతను కూడా నమూనాలో కలుపుకోవాల్సిందే. ఈ చివరి నియమం దగ్గర అమ్మ ఒప్పుకోలేదు. "ముగ్గు తప్పితే చేత్తో తుడిచేసి మళ్లీ వేస్తాం. తప్పును దాచుకోవడం ఎందుకే?" అంది.

చుక్కలు కలపడంలో చేయి తిరిగాక మెలికల ముగ్గులోకి వెళ్లాను. అది వేరే లోకం. అక్కడ గీత చుక్కను తాకదు, చుట్టి వస్తుంది. ఎక్కడ బయల్దేరిందో తిరిగి అక్కడికే చేరితే ముగ్గు కుదిరినట్టు. తమిళుల కోలం కూడా ఇదే కుటుంబం. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పిన గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్‌లతో కలిసి 1974లో కోలాల మీద ఓ పరిశోధన పత్రం రాశారు. కంప్యూటర్ భాషలను వర్ణించే వ్యాకరణం లాంటిదే కోలాలకూ రాయొచ్చని చూపారు. వాకిట్లో పిండి చల్లే చేతికి ఆ వ్యాకరణం పుస్తకం లేకుండానే వచ్చు.

గీత చేతికి వచ్చింది కానీ నొప్పి పోలేదు. పది నిమిషాలు గీస్తే బొటనవేలి మొదలు మండేది. అప్పుడే కత్తిరించి అతికించే పని మొదలైంది. ఆ దారిలో గురువు ఎవరంటే, ఇంకెవరు, ఫ్రెంచి చిత్రకారుడు మతీస్.

ఆన్రీ మతీస్ కుంచె పట్టిందే జబ్బు పుణ్యాన. 1890లో, వకీలు గుమాస్తాగా ఉన్న ఇరవయ్యేళ్ల కుర్రాడు అపెండిసైటిస్‌తో మంచాన పడితే, పొద్దుపోవడానికి వాళ్లమ్మ రంగుల పెట్టె తెచ్చిచ్చింది. వకీలు వృత్తి అక్కడితో సరి. అర్ధశతాబ్దం గడిచాక, 1941లో, పేగు క్యాన్సర్‌కు లియాన్ నగరంలో శస్త్రచికిత్స జరిగింది. అప్పటికి 71 ఏళ్లు. చావు అంచుదాకా వెళ్లి తిరిగొచ్చాడు కానీ ఎక్కువసేపు నిలబడలేని మనిషయ్యాడు. ఈజిల్ ముందు గంటల తరబడి నిలబడి నూనె రంగులు వేసే రోజులు వెళ్లిపోయాయి. మంచం, చక్రాల కుర్చీ మిగిలాయి.

అప్పుడు కత్తెర పట్టాడు. సహాయకులు తెల్లకాగితాలకు చిక్కటి నీటిరంగు పూసి ఆరబెట్టేవారు. ఆయన వాటిని కత్తిరించేవాడు. ముందుగా గీత గీయకుండా, నేరుగా రంగులోకే కత్తెర. ఆకులు, చేపలు, నాచు, నక్షత్రాలు. సహాయకులు వాటిని గోడకు గుండుసూదులతో గుచ్చితే, మంచం మీంచి చూస్తూ 'పైకి, కొంచెం ఎడమకి' అని జరిపించేవాడు. 1947లో ఈ కత్తిరింపుల 'జాజ్' పుస్తకం వచ్చింది. 1953 నాటి 'నత్త' బొమ్మ దాదాపు తొమ్మిదిన్నర అడుగుల చదరం, అంతా రంగుకాగితం ముక్కలే. లండన్‌లోని టేట్‌లో ఉంది. మంచం దాటని మనిషి గోడలు నింపాడు.

ఆయన పెరిగింది నేతపనివాళ్ల ఊళ్లో. జీవితాంతం పూలగుడ్డలు, తెరలు, తివాచీలు పోగేశాడు. ఆ ముక్కలు అతికించిన తీరులో చీరంచుల లెక్క కనబడుతుంది. 1942లో రాత్రిపూట సేవకు వచ్చిన నర్సు తర్వాత సన్యాసినిగా మారింది. ఆమె ద్వారానే వాన్స్‌లోని చిన్న ప్రార్థనా మందిరం పని ఆయన చేతికి వచ్చింది. 1951లో పూర్తయింది. దాని రంగుటద్దాల కిటికీలకు నమూనాలు కూడా కత్తెరతో తీసినవే. కోలుకునే కాలం తీరిగ్గా ఉంటుందని మనం అనుకుంటాం. ఆయన శస్త్రచికిత్స తర్వాత బతికిన ఆ పదమూడేళ్లూ ఆరోగ్యవంతుడికి కూడా కష్టమనిపించేంత పని చేశాడు. అలాంటి వాళ్లను చూపించి మామూలు రోగిని 'నువ్వూ చెయ్యి' అనడం మాత్రం అన్యాయం. ఆయనకు సహాయకులు ఉన్నారు, మనకు సాయంత్రం గిన్నెలున్నాయి.

మన దేశంలో చిత్రకారుడు వినోదబిహారీ ముఖర్జీ గుర్తొస్తారు. పుట్టుకతోనే చూపు మందం. 1950ల్లో కంటిశుక్లం ఆపరేషన్ వికటించి పూర్తిగా అంధుడయ్యారు. కాగితాన్ని మడవడం, కత్తిరించడం, అతికించడం అప్పుడు పెద్దపని అయ్యాయి. కన్ను వదిలేసిన చోట వేళ్లు అందుకున్నాయి. శాంతినికేతన్ కళాభవన్ గోడ మీద పింగాణీ పలకల చిత్రం అలా చూపులేని రోజుల్లో చేసిందే. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద 'ది ఇన్నర్ ఐ' డాక్యుమెంటరీ తీశారు.

'ఆర్ట్ థెరపీ' అనే మాట కూడా మంచం మీదే పుట్టింది. క్షయతో 1938లో ఇంగ్లండులోని మిడ్‌హర్స్ట్ శానిటోరియంలో చేరిన చిత్రకారుడు ఏడ్రియన్ హిల్, చేతికందే దూరంలో ఉన్న వస్తువులను గీస్తూ రోజులు గడిపాడు. తర్వాత తోటి రోగులకు, యుద్ధంలో దెబ్బతిన్న సైనికులకు నేర్పాడు. 1942లో ఆ మాట వాడాడు, 1945లో పుస్తకం రాశాడు. స్ట్రెప్టోమైసిన్ ఇంకా అందుబాటులోకి రాని కాలమది. క్షయకు మందంటే గాలి, తిండి, నెలల తరబడి పడక. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలోనూ ఆ కాలపు రోగులు అలాగే రోజులు లెక్కపెట్టుకున్నారు. వాళ్లలో ఎంతమంది దుప్పటి గళ్లను వేలితో గీస్తూ పడుకున్నారో.

మరి ఈ గీయడం, అతికించడం మందా? కాదు. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో 39 మంది 45 నిమిషాలపాటు మట్టితో, పెన్నులతో, కాగితం ముక్కలతో ఏదో ఒకటి చేశారు. సుమారు 75 శాతం మందిలో ఒత్తిడికి గుర్తైన కార్టిసాల్ తగ్గింది. బొమ్మలు వేయడం అలవాటుందా లేదా అన్నది పెద్ద తేడా తేలేదు. అయితే వాళ్లంతా ఆరోగ్యవంతులే. నా కీళ్లనొప్పులు తగ్గింది నెలలు గడిచినందుకు, మాత్రలకు, ఫిజియోథెరపీకి. ముగ్గు చేసిందల్లా, ఆ పావుగంట నొప్పి కాకుండా ఇంకో విషయం ఉండేలా చూడటం. అదే నాకు చాలనిపించింది.

సామాను సంగతి చెప్పాలి. కొనొద్దు. పెళ్లి శుభలేఖలు మన ఇళ్లలో గుట్టలుగా ఉంటాయి, వాటి బంగారు అంచులకు సాటివచ్చే కాగితం దుకాణంలో దొరకదు. పాత క్యాలెండరు, చీరపీలికలు, మందుల దుకాణం కాగితపు సంచులు, వంటింటి కందిపప్పు, ఆవాలు. జిగురుకు మైదా ఉడికిస్తే చాలు, మూడో రోజుకి పులుస్తుంది కాబట్టి కొంచెం కొంచెమే. పుస్తకాల బైండింగ్‌లో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం, మంచం పక్కన వద్దే వద్దు. ఇక మాత్రల ఖాళీ అట్టలు. వెనకవైపు వెండిరేకు, ముందువైపు బుడగలు. బుడగలను వరసగా అతికిస్తే అవే చుక్కలు, వాటి చుట్టూ దారంతో మెలిక తిప్పొచ్చు. రేకు అంచు చర్మం కోస్తుంది. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లు, ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లు బ్లేడు పట్టకుండా వాటిని వేరేవాళ్ల చేత కత్తిరింపించుకోవడం మంచిది.

నా మాత్రల అట్టలు ఒక ముగ్గుకు చాలలేదు. ఆ సంగతి అమ్మ ద్వారా మా అపార్ట్‌మెంటంతా పాకింది. బీపీవి, షుగరువి, థైరాయిడ్‌వి గుమ్మానికి వచ్చి చేరడం మొదలైంది. ఎవరింట్లో ఏం జబ్బుందో విజయవాడలో నాకు తెలిసినంతగా డాక్టర్లకు కూడా తెలిసుండదు. నెలకోసారి మూడో అంతస్తు పిన్నిగారు కవరు తెచ్చి అట్ట మీద గుమ్మరించి, రంగులవారీగా వేరుచేసి పెట్టేవారు. మొన్న కూడా వచ్చారు.

"ఈసారి ఎర్రవి తక్కువే అమ్మాయ్" అన్నారు కూర్చుంటూ. "మీ బాబాయికి ఆ మాత్ర ఆపేశారు. రేపట్నుంచి సూదే."

మేమిద్దరం ఉన్న ఎర్రవాటితోనే నడుమ పువ్వు ఎలా కుదురుతుందో చూడ్డానికి లెక్కపెట్టడం మొదలుపెట్టాం.