సుగంధిపాల, మారేడు గడ్డలు: వాసన ఒకటే, స్థితి వేరు

అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. గుమ్మఘట్ట మండలంలో భైరవానితిప్ప జలాశయం ఉన్నప్పటికీ సాగుభూమిలో అధిక భాగం వర్షాధారపు ఎర్రనేలే. ఇటువంటి నేలలలో వేరుశనగకు తోడుగా నన్నారి సాగు సాధ్యమా అని రైతు అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ముందుగా తేల్చుకోవలసినది ఏ నన్నారి అన్న విషయం.

ఆ పేరుతో చలామణి అవుతున్న మొక్కలు రెండు. ఒకటి సుగంధిపాల (హెమిడెస్మస్ ఇండికస్), రెండవది మారేడు గడ్డలు (డెకాలెపిస్ హామిల్టోనై). బిల్వమనే మారేడు చెట్టుతో రెండవదానికి ఏ సంబంధమూ లేదు. రెండూ ఎపోసైనేసి కుటుంబానికి చెందిన, పాలు కారే తీగపొదలు. రెండింటి వేళ్లకూ పరిమళాన్నిచ్చేది 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్ అనే పదార్థమే. కావున ఎండిన సరుకును వాసన చూసి వేరు చేయడం వృథా ప్రయాస.

వేరు మందమే నమ్మదగిన గుర్తు. సుగంధిపాల వేరు సన్నగా, గట్టిగా, ముదురు గోధుమరంగులో ఉంటుంది. ఆకుల నడిమి ఈనె వెంట తరచుగా తెల్లని చార కనిపిస్తుంది. చిన్న పూలు వెలుపల ఆకుపచ్చగా, లోపల ఊదారంగుగా ఉంటాయి. మారేడు గడ్డలు కండగల దుంపవేళ్లు; ఆకులు మందంగా, నునుపుగా ఉంటాయి; పూలు పసుపు కలిసిన తెలుపు. ఆయుర్వేదంలో సారిబ, అనంతమూలం అని వ్యవహరించేది మొదటిదానినే. కన్నడ సీమలో మాకళి బేరు పేరిట ఊరగాయ పెట్టేది రెండవదానిని.

పరిరక్షణ విషయంలో ఈ రెండింటినీ ఒక గాటన కట్టరాదు. సుగంధిపాల చేనిగట్లపైన, కంచెలలోను విస్తారంగా పెరుగుతుంది. మారేడు గడ్డలు దక్షిణ భారత ద్వీపకల్పానికే పరిమితమై, రాతి గుట్టల సందులలో పెరిగే జాతి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఎర్ర జాబితాలో ఇది అంతరించే ప్రమాదమున్న వర్గంలో ఉంది. షర్బత్ గిరాకీకి గడ్డల కోసం మొక్కను సమూలంగా పెకలించడమే ఇందుకు ప్రధాన కారణం. పైగా విత్తనాల మొలక శాతం తక్కువ, కొమ్మ కత్తిరింపులకు వేళ్లు రావడం కష్టం. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ కణజాల వర్ధన పద్ధతిని రూపొందించినప్పటికీ, మెట్టరైతు చేతికి చౌకగా నారు అందనిదే అది ప్రయోగశాల విజయంగానే మిగులుతుంది.

గుమ్మఘట్ట వంటి మండలాలలో ప్రధాన పంటకు బదులుగా దీనిని సిఫారసు చేయడం తొందరపాటు. రాతిగట్లపైన, బీడు అంచులలో కొద్ది మొక్కలతో పరిశీలన చేపట్టవచ్చును. నారు అడవి నుండి పెకలించి తెచ్చినది కారాదు. త్రవ్వేటప్పుడు తల్లివేరును, కొన్ని గడ్డలను నేలలోనే విడిచి మట్టి కప్పాలి.