ధ్వనివర్ధకము – కొలిచే దూరము

ఉత్సవమైనా, ఉరుసైనా, కళాశాల వార్షికోత్సవమైనా లౌడ్‌స్పీకరు లేనిదే సభ సాగదు. దానిని కొనేవారు "ఎన్ని డెసిబెళ్లు?" అని అడుగుతారు. "ఎంత దూరములో?" అని అడిగేవారు అరుదు. ఈ రెండవ ప్రశ్న లేనిదే మొదటిదానికి అర్థము లేదు.

లౌడ్‌స్పీకరుకు ఒక వాట్ విద్యుత్తు నిచ్చి, దాని కెదురుగా ఒక మీటరు దూరములో కొలిచిన ధ్వని స్థాయినే సూక్ష్మగ్రాహ్యత అంటారు. గోవాడ చెరకు పొలాల నడుమ, పంట కోసిన బయలులో, ఎత్తైన స్తంభముపై స్పీకరు నుంచామనుకొందాము. దూరము రెట్టింపయితే ధ్వని తీవ్రత నాల్గవ వంతవుతుంది. స్థాయి 6 డెసిబెళ్లు తగ్గుతుంది. ఒక మీటరు వద్ద 100 ఉన్నది 2 మీటర్ల వద్ద 94, 10 మీటర్ల వద్ద 80 మాత్రమే. ఇదే విలోమవర్గ నియమము. అర మీటరు వద్ద కొలిచి ఆ మాట దాచిన వ్యాపారికి 6 డెసిబెళ్లు ఉచితముగా కలిసివస్తాయి. వాటిని న్యాయముగా పొందడానికి నాలుగు రెట్ల వాట్లు కావాలి!

మరీ దగ్గరలో ఈ నియమము కూడా చెల్లదు. ఒకే పెట్టెలో చిన్న స్పీకరుకు 20 సెంటీమీటర్ల క్రింద పెద్ద స్పీకరు ఉన్నదనుకోండి. చిన్నదాని కెదురుగా 25 సెంటీమీటర్లలో మైక్రోఫోను ఉంచితే, పెద్దదాని ధ్వని 7 సెంటీమీటర్లు అధికముగా ప్రయాణించాలి. 2,450 హెర్ట్జ్ స్వరపు తరంగదైర్ఘ్యము 14 సెంటీమీటర్లు. 7 అందులో సగము. రెండు స్పీకర్లూ ఆ స్వరమును ఒకేసారి పలికితే, వ్యతికరణము వలన అది క్షీణించి, పౌనఃపున్య స్పందన రేఖలో గుంట పడుతుంది. ఒక మీటరు వద్ద ఆ తేడా 2 సెంటీమీటర్లే కనుక గుంట దాదాపు మాయమవుతుంది. లోపము స్పీకరుది కాదు, కొలతది.

అలాగని గదిలో బహుదూరము పోతే గోడల, నేల ప్రతిధ్వనులు రేఖను వంకరలు చేస్తాయి. కనుక బయలులో, పెట్టె పొడవుకు కనీసము మూడు రెట్ల దూరములో కొలిచి, ఒక మీటరుకు లెక్కకట్టడము మేలు. 2 మీటర్ల వద్ద కొలిస్తే 6 కలపాలి. మంద్రస్వరాలకు మాత్రము మైక్రోఫోనును స్పీకరు కాగితపు పొరకు ఆనించినంత దగ్గరగా ఉంచే పద్ధతిని 1974లో డి. బి. కీలె వివరించాడు.

2000 నాటి శబ్దకాలుష్య నియమావళి సైతము బహిరంగ స్థలపు సరిహద్దు వద్ద స్థాయికే హద్దు పెట్టినది. అక్కడ ఏ ప్రాంతములోనూ 75 డెసిబెళ్లు మించరాదు. కావున స్పీకరు కొనేటప్పుడు సంఖ్య ప్రక్కన దూరమును కూడా వ్రాయించుకొందాము. చివరి వరుస శ్రోతకు మాట వినబడడము, పొరుగింటి రోగికి నిద్రపట్టడము – రెండూ ఆ దూరముమీదనే ఆధారపడి ఉన్నాయి.