గోల్కొండ ముట్టడి: గింజల లెక్క

నేడు బహుళ అంతస్తుల భవనములు లేచిన నల్లగండ్లనుండి గోల్కొండ కోట నాలుగైదు క్రోసుల దూరము. 1687లో ఔరంగజేబు ఆ కోటను ఇంచుమించు ఎనిమిది నెలలు ముట్టడించిన కథ మన మెరిగినదే. అందులో ఫిరంగుల మాట, ద్రోహము మాట చెప్పుకొందుము. గింజల మాట మరతుము. వింత యేమనగా, ఆ ముట్టడిలో ఆకలి కోటలోనివారికంటె వెలుపలివారినే ఎక్కువగా బాధించెను.

ఇది ఎట్లు సంభవించెను? నమూనాకు ఒక చిన్న లెక్క వేసి చూతము. సైనికునికి దినమునకు ఒక కిలో గింజలు చాలుననుకొందము. 10,000 మందికి 10,000 కిలోలు. పెరిక వేసిన ఎద్దు 100 కిలోలు మోయుననుకొన్నచో, దినమునకు 100 ఎద్దుల బరువు, నెలకు 3,000 ఎద్దుల బరువు కావలెను. గుర్రములకు, ఏనుగులకు, సేవకులకు లెక్క వేరు.

మొగలు దండులకు ఇట్టి బరువును చేరవేసినవారు లంబాడీలు. వారి ఎద్దులు దారి పొడవున పచ్చిక మేయుచు సాగును గనుక, మోయుచున్న ధాన్యమును తామే తినివేయవు. బండి పోలేని త్రోవను కూడ పెరిక పోగలదు. నేటి బంజారాహిల్సు పేరులో వారి గురుతు నిలిచియున్నది.

అయితే ఎద్దు వరదను దాటజాలదు. వానకాలమున మంజీర పొంగెను, దారులు తెగెను. దండులో ధాన్యపు ధర మండిపోయెను. ఆకలికి రోగము తోడయ్యెను. తానీషా కొట్లు మాత్రము నిండియుండెను. పట్టుబడిన మొగలు అధికారులకు ఆయన వానిని చూపించి, సంధి కుదిరినచో చక్రవర్తి సేనకు ధాన్యము పంపెదనని కబురంపెనని చరిత్రకారుడు ఖాఫీఖాను వ్రాసెను. తుదకు కోట ఆకలికి లొంగలేదు. సెప్టెంబరులో, లంచము గొన్న లోపలివాడొకడు తలుపు తీయుటచే పడిపోయెను.

కావున దూరపు దండుకు సామగ్రి కూర్చువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఎంత కావలెను? ఎవరు మోయుదురు? దారి ఎన్ని దినములు మూసికొనును? మూడవదానిని మరచినచో మొదటి రెండు వ్యర్థము. 1984లో భారతసేన సియాచిన్ మంచుకొండలపై నిలిచినప్పుడు ఎద్దుకు మారుగా హెలికాప్టరు వచ్చినది. మంచుతుఫాను వీచు దినమున అదియును ఎగురజాలదు. ఆ దినములకు కావలసిన తిండి, కిరసనాయిలు ముందే కొండమీద చేరియుండవలెను.

ముసురు పట్టకముందే ఇంటిలో గింజలు, వంటచెరకు చేర్చుకొను గృహిణులకు ఈ సూత్రము క్రొత్తది కాదు.