వాన రాకముందే మట్టికి అడ్డుకట్ట

తబూక్: సౌదీ అరేబియా వాయవ్య మూలన ఉన్న తబూక్‌లో వాన అరుదు. పడితే మాత్రం ఎండిన వాగులు గంటల్లోనే పొంగుతాయి. 2013 జనవరిలో ఇక్కడివారు అలాంటి వరదను చూశారు. నీళ్ల గురించి అందరూ మాట్లాడుకుంటారు. వాటితో కొట్టుకొచ్చే మట్టి సంగతి పట్టించుకునేవారు తక్కువ.

2017లో ప్రకటించిన నియోమ్, ఉమ్లుజ్–అల్ వజ్ పట్టణాల మధ్య తీరంలోని రెడ్ సీ పర్యాటక ప్రాజెక్టు... రెండూ తబూక్ ప్రాంతంలోనివే. ఇంజినీర్లుగా, జేసీబీ ఆపరేటర్లుగా, కూలీలుగా గల్ఫ్ సైట్లలో చెమటోడ్చే మనవాళ్లు తెలుసుకోవాల్సిన విషయమిది.

నేలకు గులకరాళ్ల దుప్పటి

ఎడారి అంటే వట్టి ఇసుక కాదు. చాలాచోట్ల నేలపై గులకరాళ్ల పొరో, గట్టిపడిన పెచ్చో ఉంటుంది. గాలికీ వానకీ అడుగు మట్టి కదలకుండా కాచేది అదే. యంత్రం దాన్ని చీల్చితే మెత్తటి మట్టి బయటపడుతుంది. నిర్మాణ స్థలాల నుంచి కొట్టుకుపోయే మట్టి, పంట భూములతో పోలిస్తే సాధారణంగా 10 నుంచి 20 రెట్లు ఎక్కువని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది.

కొండలకు పడమట కురిసిన వాన ఎర్ర సముద్రం వైపు పారుతుంది. ఆ బురద పగడపు దిబ్బలపై పేరుకుంటే వాటికి వెలుతురు అందదు. వేడిని బాగా తట్టుకుంటాయని పేరున్న ఉత్తర ఎర్ర సముద్రపు పగడాలకూ ఈ ముప్పు తప్పదు.

ఏం చేయాలి?

• స్థలమంతా ఒకేసారి చదును చేయకుండా విడతలుగా తవ్వాలి.

• పచ్చిక పెరగని చోట తవ్విన వాలుపై కంకర పరచాలి.

• ఎగువ నుంచి వచ్చే నీరు సైట్‌లోకి రాకుండా పక్కకు కాలువ తీయాలి.

• దిగువ అంచున సిల్ట్ ఫెన్స్ కట్టాలి. దాని గుడ్డ అడుగు భాగాన్ని నేలలో పాతకపోతే నీరు కింద నుంచే పోతుంది. పారే వాగుకు అడ్డంగా మాత్రం కట్టకూడదు.

• తవ్విన మట్టిని వాగులో పోయకూడదు. దారి ఇరుకైతే వరద ఇళ్ల మీదికి, లేబర్ క్యాంపుల మీదికి మళ్లుతుంది.

• చివర నీరు నిలిచే గుంట ఉండాలి. ఇసుక నిమిషాల్లో అడుక్కి చేరుతుంది, బంకమన్ను తేరడానికి రోజులు పడుతుంది. అందుకే గుంట ఒక్కటే చాలదు, మట్టిని పైనే ఆపాలి.

పూడిక మనకు తెలిసిందే

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. చెరువు మట్టి చేనుకు బలం. పగడాలపై పడిన బురదను మాత్రం ఏ జేసీబీ ఎత్తలేదు.

తబూక్‌లో వానలు ఎక్కువగా నవంబర్ నుంచి ఏప్రిల్ లోపే పడతాయి. ఫెన్స్ చిరిగిందా, గుంట నిండిందా అని చూసుకోవాల్సింది అక్టోబర్‌లోనే.