హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు

క్రీడలు ప్రజాజీవితానికి దర్పణాలు. ఒక ప్రాంతపు క్రమశిక్షణ, శ్రమ, సహజీవనం అక్కడి ఆటస్థలాలలో ప్రతిబింబిస్తాయి. నేటి విద్యార్థులకు క్రికెట్ వీరుల పేర్లన్నీ కంఠస్థమే. కాని గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం రాజ్యంలో భాగంగా ఉన్న రోజులలోనే పుట్టి, యావద్భారత ఫుట్‌బాల్‌కు దారి చూపిన జట్టొకటి మన హైదరాబాదులో ఉండేదని ఎందరికి తెలుసు? ఆ జట్టును పరిచయం చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1939లో ఏర్పడింది. ఆటనే నమ్ముకొని బ్రతికే అవకాశం లేని ఆ కాలంలో పోలీసు కొలువు క్రీడాకారునికి అన్నం పెట్టింది. ఏడాది పొడుగునా కలసి సాధన చేసే వీలునూ కల్పించింది. ఆ జట్టు బలానికి ఇదే పునాది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఈ జట్టుదే. 1950లో మోహన్ బగాన్ వంటి ఉద్దండులను ఓడించి డ్యూరాండ్ కప్పును సాధించింది. 1954, 1957లలో మరల గెలిచింది. అనంతరం ఆంధ్రా పోలీసు అన్న పేరుతో 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్ కప్పులను గెలుచుకున్నది.

ఈ విజయాల వెనుక నిలిచిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించిన ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. బలహీనమైన కాలితో కూడ బంతిని తన్నడం నేర్పినాడు. బంతిని తనవద్దనే అట్టిపెట్టుకొనక వెంటనే సహచరునికి అందించే పద్ధతిని అలవరచినాడు. నేర్చుకొనే వాని లోపాన్ని గుర్తించి, దానినే బలంగా మార్చడం ఉత్తమ గురువు లక్షణం కదా! ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు గెలిచింది. జకార్తాలో రెండవ స్వర్ణం గెలిచే నాటికే క్యాన్సర్ ఆయనను కబళిస్తున్నది. 1963 జూన్ 11న కన్నుమూసినారు.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, నేటి బోస్నియా కూడ భాగంగా ఉండిన యుగోస్లావియా చేతిలో మనవారు 10-1 తేడాతో చిత్తుగా ఓడినారు. నాలుగేండ్లకు మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరినారు. అక్కడ అదే యుగోస్లావియాపై మొదటి గోలు మనదే! చివరకు 4-1తో ఓడినా, నాలుగవ స్థానం దక్కింది. ఆ బృందంలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం మనవారే. యూసుఫ్ ఖాన్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లోను, 1962 ఆసియా క్రీడలలోను ఆడినాడు. మతం వేరైనా, మాతృభాష వేరైనా, మైదానంలో వారందరి భాష ఒక్కటే.

రహీం మరణానంతరం ఆ వైభవం క్రమంగా సన్నగిల్లింది. నయీముద్దీన్, హబీబ్ వంటి మేటి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులలో కీర్తి గడించినారు. అక్కడి ఆదరణ ఇక్కడ కరవైనది. 2019లో వెలసి, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాదు ఎఫ్.సి. సైతం 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ప్రతిభ ఉన్నచోట పోషణ లేకపోతే ప్రతిభ వలస పోతుంది. వలస బాధ పాలమూరు బిడ్డలకు వేరుగా చెప్పనక్కరలేదు.

విద్యార్థులారా! రహీం సాబు శిష్యులు సామాన్య కుటుంబాల బిడ్డలే. వారికి లభించినవి ముఖ్యంగా మూడు: ఒక మైదానం, ఒక కొలువు, ఒక గురువు. కొలువు ఇవ్వడం కళాశాల చేతిలో లేదు. మిగిలిన రెండూ ఇవ్వవచ్చును. గద్వాల నుండి నాగర్‌కర్నూలు దాకా మన పిల్లలు ఆడుకొనే ఖాళీ జాగాలు ఒక్కొక్కటే ఇండ్ల స్థలాలుగా మారుతున్న ఈ రోజులలో, కళాశాల మైదానాన్ని కాపాడి, దినానికి ఒక గంటైనా ఆటకు కేటాయించవలసినదిగా కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము. గ్రంథాలయం వలెనే మైదానమూ విద్యాలయమే.